గవాయ్ పండక్కి పిలిచారు, తువాక్ తాగకూడదు. ఎలా?

నేను మలేషియాలో, సరవాక్ రాష్ట్రం కూచింగ్‌లో ఉంటున్నాను. మే 31 సాయంత్రం గవాయ్ దయాక్ అనే పంటకోతల పండక్కి మా ఇబాన్ (ఇక్కడి ఒక స్థానిక తెగ) కొలీగ్ వాళ్ల లాంగ్‌హౌస్‌కి రమ్మన్నాడు. ఒకే కప్పు కింద వరసగా ఎన్నో కుటుంబాల గదులు, వాటి ముందు పొడవాటి ఉమ్మడి వసారా. అర్ధరాత్రి అందరూ అక్కడే చేరి, నిండు ఆయుష్షు కోరుకుంటూ తువాక్ తాగుతారు. జిగురు బియ్యం పులియబెట్టి చేసే మద్యం అది. నేను లివర్‌కి మందులు వాడుతున్నాను, డాక్టర్ చుక్క కూడా వద్దన్నారు.

ఇచ్చింది కాదని వచ్చేస్తే కీడు జరుగుతుందని ఇక్కడ మలయ్‌లూ ఇబాన్‌లూ నమ్ముతారు. తినలేకపోతే వేలికొసతో తాకితే చాలని పక్కింటి మలయ్ ఆంటీ చెప్పారు. భోజనం విషయంలో అలాగే చేస్తున్నాను, ఎవరూ నొచ్చుకోలేదు. తువాక్ సంగతి మాత్రం ఆవిడకి తెలియదు. చైనీస్ ఫ్రెండ్‌ని అడిగితే పెదవి తడుపుకోమన్నాడు, నాకది కుదరదు. కొలీగ్‌ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. మొహమాటానికి అన్నాడేమోనని టెన్షన్. ఆ పెద్దవాళ్ల మనసు కష్టపెట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు.

గవాయ్‌కి లాంగ్‌హౌస్‌లో గడిపినవాళ్లు చెప్పండి: ఆ అర్ధరాత్రి గ్లాసుని వేలితో తాకి తిరిగి ఇచ్చేస్తే పెద్దలు ఒప్పుకుంటారా?