పిల్లల మనసు సంగతి చూడాల్సింది క్లాస్ టీచరా, వేరే కౌన్సెలరా?

వెన్నెల:
మా పిల్లల స్కూలు నుంచి సర్క్యులర్ వచ్చింది. క్లాస్ టీచర్లందరికీ చిన్న ట్రైనింగ్ ఇచ్చారట, ఇకమీదట పిల్లల మానసిక సమస్యలు కూడా వాళ్లే చూసుకుంటారట, విడిగా కౌన్సెలర్‌ని పెట్టే ఆలోచన లేదట. నాకిది మింగుడుపడటం లేదు. మార్కులు వేసేదీ, అల్లరి చేస్తే బయట నిలబెట్టేదీ, ఇంటికి కంప్లయింట్ పంపేదీ ఒకే మనిషి అయినప్పుడు పిల్లలు ఆ మనిషి దగ్గరే మనసు విప్పుతారా? మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
వెన్నెల గారూ, నేను టీచర్‌ని, మీతో ఏకీభవించలేను. పిల్లల్ని రోజూ చూసేది మేమే కదండీ. నిన్నటిదాకా ముందు బెంచీలో కూర్చుని చెయ్యెత్తిన పిల్లాడు ఉన్నట్టుండి చివరి బెంచీకి మారిపోయినా, బాగా చేసే అమ్మాయి ఒకే లెక్కని పేజీ చిరిగేదాకా చెరిపి చెరిపి రాస్తున్నా, ఇంకొకరు ప్రతి సోమవారం రెండో పీరియడ్‌కల్లా కడుపునొప్పి అంటున్నా ముందు కనబడేది మాకే. వారానికోసారి వచ్చిపోయే కౌన్సెలర్‌కి ఆ పిల్లల పేర్లు కూడా తెలియవు. పైగా ఆ గది గడప తొక్కితే చాలు, వీడికేదో అయిందని క్లాసంతా గుసగుసలు. అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒకరు ఉండాలంటుంది, అంతమందిని ఎక్కడినుంచి తెస్తారు?

చిరుగాలి:
మాస్టారూ, మీరు పిల్లల్ని ఎంత శ్రద్ధగా చూస్తారో మీ మాటల్లోనే తెలుస్తోంది. కానీ నాకు జరిగింది చెప్తాను. తొమ్మిదో క్లాసులో ఇంట్లో గొడవల వల్ల నిద్ర పట్టడం లేదని నమ్మి మా క్లాస్ టీచర్‌కి చెప్పాను. మర్నాడే ఇంకో సబ్జెక్ట్ టీచర్ అందరి ముందూ "ఇంట్లో ఇప్పుడు బాగానే ఉందా అమ్మా" అని అడిగారు. ఆవిడ ప్రేమగానే అడిగారు, అది నాకు అప్పుడూ తెలుసు. అయినా స్కూలు వదిలేదాకా నేను ఇంకెవరికీ ఏమీ చెప్పలేదు.

తులసి:
నేను స్కూల్ కౌన్సెలర్‌ని, కాబట్టి నేను ఎటువైపు మాట్లాడతానో మీరే ఊహించగలరు. అందుకే నా అనుభవం పక్కన పెట్టి, సరిగ్గా ఈ ప్రశ్న మీదే జరిగిన పరిశోధన చెప్తాను. బిహార్‌లో 74 ప్రభుత్వ హైస్కూళ్లలో 'సెహెర్' అని ఒక అధ్యయనం చేశారు, ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఒకే కార్యక్రమాన్ని కొన్ని స్కూళ్లలో అక్కడి టీచర్లు నడిపారు, కొన్నింట్లో అందుకోసమే తీసుకున్న వేరే మనిషి నడిపారు, మిగతా స్కూళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి. వేరే మనిషి ఉన్నచోట స్కూలు వాతావరణం బాగుపడింది, డిప్రెషన్ లక్షణాలు, తోటి పిల్లల్ని వేధించడం, కొట్లాటలు తగ్గాయి. టీచర్లు నడిపిన స్కూళ్లకూ, ఎప్పటిలాగే ఉన్న స్కూళ్లకూ మాత్రం తేడా కనబడలేదు. ఎక్కడినుంచి తెస్తారని మాస్టారు అడిగారు కదా, ఆ వేరే మనుషులు సైకాలజిస్టులు కారండీ, ట్రైనింగ్ తీసుకున్న మామూలు మనుషులే.

యూరప్‌లో 10 దేశాల్లో, 168 స్కూళ్లలో ఇంకో పెద్ద అధ్యయనం జరిగింది, అది 2015లో వచ్చింది. ఒకచోట టీచర్లకు ప్రమాద సూచనలు గుర్తుపట్టడం నేర్పారు. ఇంకోచోట బయటినుంచి వచ్చినవాళ్లు నేరుగా పిల్లలతోనే కూర్చుని, వాళ్ల చేత కష్టమైన సందర్భాలను నటింపజేసి, మాట్లాడించారు. ఏడాది తర్వాత చూస్తే, పిల్లలతో కూర్చున్నచోట ఆత్మహత్యాయత్నాలు దాదాపు సగానికి తగ్గాయి. టీచర్లకు మాత్రమే ట్రైనింగ్ ఇచ్చినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టీచర్లకు మనసు లేక కాదు. సిలబస్ పూర్తిచెయ్యాలి, పేపర్లు దిద్దాలి, నలభై ఐదు నిమిషాలకోసారి గంట కొడతారు, ఈ మధ్యలో ఒక పిల్ల ఏడుపు మొదలుపెడితే ఎక్కడ కూర్చోబెట్టి వింటారు? ఉన్న పని తగ్గించకుండా ఇది కూడా నెత్తిన పెట్టడం టీచర్లకూ అన్యాయమే.

లెక్కల మాస్టారు:
ఆ చివరి మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. మరి నా కళ్లముందు ఒక పిల్లాడు వాడిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా?

తులసి:
అస్సలు ఊరుకోవద్దు. మీరు గమనించకపోతే నా దగ్గరికి చాలామంది రానే రారు. అందరూ వెళ్లాక పక్కకు పిలిచి, "ఈమధ్య వెనక కూర్చుంటున్నావు, గమనించాను. ఏమైందో నాకు చెప్పక్కర్లేదు. ఎవరికైనా చెప్పాలనిపిస్తే నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తాను" అనండి, చాలు. చీటీ ఇచ్చి పంపేయకుండా వెంట వెళ్లాలి, చాలామంది పిల్లలు ఆ వరండాలోనే వెనక్కి తిరిగిపోతారు. గుసగుసల గురించి మీరన్నది కూడా నిజమే. ఆ గదిని ప్రిన్సిపాల్ ఆఫీసు ఎదురుగానో స్టాఫ్‌రూమ్ పక్కనో పెడితే ఎవరూ రారు. లైబ్రరీ పక్కన ఉంటే, పుస్తకం కోసం వెళ్లారో దేనికోసం వెళ్లారో ఎవరికీ తెలియదు.

ఇద్దరు పిల్లల నాన్న:
ఇదంతా బాగానే ఉంది కానీ తల్లిదండ్రుల మాటేమిటి? నా కూతురు ఎవరో మనిషికి అన్నీ చెప్పుకుంటుంది, నాకు మాత్రం ఏమీ తెలియనివ్వరు. ప్రాణం మీదికి వచ్చాక ఫోన్ చేస్తారా?

తులసి:
మీ భయం నాకు అర్థమైందండీ. పిల్లలు కూర్చున్న వెంటనే, వాళ్లు ఏమీ చెప్పకముందే నేను ఒక మాట చెప్తాను: నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటుంది, కానీ నీ ప్రాణానికి ప్రమాదం ఉన్నా, నీవల్ల ఇంకొకరికి ప్రమాదం ఉన్నా, నిన్ను ఎవరైనా హింసిస్తున్నా దాచలేను. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఆ రోజే ఇంటికి చెప్తాం, అదీ పిల్లలకి ముందుగా చెప్పి, వీలైతే వాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే. స్నేహితురాలితో మాటల్లేవు, పరీక్షంటే వణుకు, అద్దంలో తనని తాను చూసుకోవడం ఇష్టం లేదు లాంటివి ఆ గదిలోనే ఉంటాయి. వాటిని కూడా సాయంత్రానికల్లా ఇంటికి చేరవేస్తే, రేపు అసలైన ప్రమాదం వచ్చినరోజు మీ పాప నా దగ్గరికి రాదు.

ఇద్దరు పిల్లల నాన్న:
ముందు పాపకి చెప్పి తర్వాత మాకు చెప్పడం, సరే, అది ఒప్పుకుంటాను. మరి మీరు రాసుకునే నోట్స్ సంగతి? రేపు స్కూలు మారితే టీసీతో పాటు అదీ వెళ్తుందా?

తులసి:
వెళ్లకూడదు. ఆ నోట్స్ మార్కుల ఫైల్లో ఉండకూడదు, టీచర్లకు చూపించకూడదు, కొత్త స్కూలుకి పంపాల్సి వస్తే మీరూ పాపా ఒప్పుకున్నాకే పంపాలి. వెన్నెల గారూ, స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే ఈ మూడూ రాతపూర్వకంగా ఇస్తారా అని అడగండి. కౌన్సెలర్‌ని పెట్టినా ఇవి లేకపోతే, చిరుగాలి గారికి జరిగిందే ఇంకొకరికి జరుగుతుంది.