‘నిధి చాల సుఖమా’ విన్నాక: నెరవల్, స్వరాలు, తని ఎలా పట్టుకోవాలి?

అరండల్‌పేట శ్రోత, గుంటూరు:
ఆదివారం విజయవాడలో విన్న కచేరీ ఇంకా చెవుల్లోనే ఉంది. ప్రధానంగా పాడింది కల్యాణి రాగంలో ‘నిధి చాల సుఖమా’ కీర్తన. ఆలాపన దాకా హాయిగా సాగింది. ఆ తర్వాత ఒకే పాదాన్ని అన్నిసార్లు ఎందుకు పాడారో తెలియలేదు. స్వరాల దగ్గర, అంటే స రి గ మలు అప్పటికప్పుడు అల్లి పాడేటప్పుడు, తాళం చేజారింది. తనిలో, అంటే మృదంగం వాళ్లే వాయించే భాగంలో, పూర్తిగా తప్పిపోయాను. ఆది తాళం వేయడం వచ్చు, ఇక్కడ అది కుదరలేదు. మళ్లీ వెళ్లేలోపు ఏం పట్టుకోవాలి?

లబ్బీపేట:
కుదరదండి. ఆది తాళానికి 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు. ఈ కీర్తన తాళం మిశ్రచాపు, దానికి 7. నోటితో ‘తకిట తకదిమి’ అనుకోండి, 3+4. చేత్తో 1, 4, 6 మీద దెబ్బ వేయండి, మిగతావి ఖాళీ. అలవాటైనవాళ్లు కూడా తప్పేది చివరి రెండు అక్షరాల దగ్గరే. 6 మీద దెబ్బ పడగానే ఆవర్తనం (తాళం ఒక చుట్టు) అయిపోయిందనుకుని 7ను మింగేస్తారు. అది ఆరైపోతుంది, రెండు ఆవర్తనాల్లో చెయ్యి ఎక్కడుందో తెలియదు.
తప్పితే గాయకుల చెయ్యి చూడండి. తొడ మీద తాళం వేస్తూనే పాడతారు కాబట్టి, మొదటి దెబ్బ కనిపించే చోట కూర్చుంటే సగం పని అయినట్టే.

సత్యనారాయణపురం:
మీరన్న ఆ ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడటమే నెరవల్. దాని సంగతి నేను చెప్తాను. ఇందులో తెలుగువాడికి ఉన్న సౌకర్యం ఇంకెవరికీ లేదు.
ఈ కీర్తనలో మామూలుగా నెరవల్‌కి ఎత్తుకునేది చరణంలోని ‘మమత బంధన యుత నరస్తుతి సుఖమా’. మాటలు మారవు, ఆవర్తనంలో వాటి చోటూ దాదాపు మారదు, మారేది రాగమే. అందుకే పాదం తిరిగి వచ్చిన ప్రతిసారీ ‘నరస్తుతి’ తాళంలో ఎక్కడ పడుతోందో వినండి. రెండు మూడు సార్లకే ఆ చోటు తెలిసిపోతుంది. ఇక స్వరాల్లో కూడా మీరు తప్పిపోరు, ఎందుకంటే స్వరాలు చివరికి వాలేది ‘మమత’ మొదలయ్యే చోటికే. మొదట నెమ్మదిగా ఒక్కో ఆవర్తనం, తర్వాత రెండో కాలం (రెట్టింపు వేగం), చివర్లో పొడవైన వరుస. ‘మమత’ ఎత్తుకునే స్వరానికి పక్క స్వరం దగ్గర ఆపితే అతుకు తెలియదు.
ఇంకొకటి, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారో గమనించండి. ‘మమత బం’ దగ్గర ఆగి ‘ధన యుత నర’ అని ఎత్తుకుంటే మమతల సంకెళ్లలో ఉన్న మనిషి కాస్తా డబ్బున్న మనిషి అయిపోతాడు. ఎంత గొప్ప కల్యాణి అయినా ఆ చోట నాకు మనసు చివుక్కుమంటుంది. మాట విరగకుండా నెరవల్ చేసినవాళ్లను మాత్రం ఎన్నిసార్లైనా వింటాను.

గాంధీనగర్:
తని గురించి. దయచేసి అప్పుడు టీకి లేవకండి. వాద్యగాళ్లకు దొరికే సమయం అదే.
ముందు మృదంగం ఒంటరిగా, ఆపైన ఘటమో కంజీరో. తర్వాత వంతులు సగానికి సగం తగ్గుతూ వచ్చి ఇద్దరూ కలుస్తారు. అక్కడినుంచి మోహరా అనే ముగింపు జతుల వరుస, దాని వెనక కోర్వై అనే లెక్క కట్టిన ముక్తాయింపు. కోర్వై మూడుసార్లు వినిపిస్తుంది, మూడోది ముగిసేది గాయకులు పాదం ఎత్తుకునే చోటే. నడక మధ్యలో ఏడు లెక్కల తాళం మీద ఐదేసి దెబ్బల గుంపులు పరుస్తారు, చెయ్యి వాటి వెంట పోతుంది. మీ ఏడు మీరు వదలకండి.
పాటల మధ్య మృదంగం ఎడమ మూత మీద తడి రవ్వ ముద్ద సర్దడం చూసే ఉంటారు. ఏసీ గాలికి అది ఎండి తేలికైతే ఎడమ వైపు శృతి పైకి పోతుంది, గుమ్మని మోగదు. కుడి వైపైతే అంచు మీద పైనుంచి రాయితో కొడితే శృతి పెరుగుతుంది, కిందినుంచి కొడితే తగ్గుతుంది.

అరండల్‌పేట శ్రోత, గుంటూరు:
బంధన, ధన తేడా అసలు తట్టలేదండి. ఒక్క సందేహం: కల్యాణినీ శంకరాభరణాన్నీ వెంటనే ఎలా వేరు చేయాలి?

సత్యనారాయణపురం:
మధ్యమం (మ) ఒక్కటే తేడా. కల్యాణిది ‘ప్రతి మధ్యమం’ అనే పై మధ్యమం, పంచమానికి ఆనుకుని ఉంటుంది. శంకరాభరణానిది ‘శుద్ధ మధ్యమం’ అనే కింది మధ్యమం, గాంధారానికి ఆనుకుని ఉంటుంది. మేళకర్తల్లో, అంటే మూల రాగాల పట్టికలో, కల్యాణి 65, శంకరాభరణం 29, సరిగ్గా 36 దూరం. ఆలాపనలో స, ప రెండూ దాటేసి గ మ ధ ని అని సాగుతుంటే అది కల్యాణే. తంబురా శృతి పెట్టుకుని రెండు మధ్యమాలూ పక్కపక్కన పాడించుకుని వినండి.