ఆస్కారు హీటరు వెనక నక్కింది, ఏం చేయాలో చెప్పండన్నా

ధర్మవరం (డల్లాస్‌కి కొత్త):

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేనీడికొచ్చి 2 నెలలు. మా రూమ్మేటు వేరే రాష్ట్రానికి పోతా పోతా తన అక్వేరియం నాకు అప్పజెప్పిపోయినాడు. ఊరికే వస్తాంది గదా అని సరేనన్నాను. 55 గ్యాలన్ల తొట్టి. ఒక ఆస్కారు చేప, 9 అంగుళాలుంటాది. రెండు జాక్ డెంప్సీ చేపలు, పెద్దది 7, చిన్నది 5. రెండేళ్ళుగా కలిసే ఉండాయంట. పోయిన వారం నుంచి డెంప్సీలు రెండూ నల్లగా మారిపోయి ఒక పలక రాయి కాడ కాపు కాస్తాండాయి. ఆస్కారు హీటరు వెనక మూలలో నిలబడి కదలడం లేదు. తోక చీలికలు చీలికలైంది. మేత వేసినా రాదు. ఊర్లో మా ఇంట్లో ఫ్లవర్‌హార్న్ చేప ఒక్కటే ఉండేది, ఈ కొట్లాటలు నాకు తెలీవు. రాత్రి లైటు ఆర్పాలంటే భయంగా ఉంది.

ప్రొద్దుటూరు (ప్లేనో):

తమ్ముడూ, కథ తర్వాత. ముందు ఆ ఆస్కారును వేరు చేయి. రేపు గాదు, ఈ పొద్దే. హార్డ్‌వేరు అంగట్లో లైట్లుండే వరసలో గళ్ళగళ్ళ తెల్ల ప్లాస్టిక్ పలక దొరుకుతాది, ఫాల్స్ సీలింగులో ట్యూబులైటు కింద బిగించేది. ఈడ ఎగ్‌క్రేట్ అంటారు. 4 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు. కటింగ్ ప్లయరుతో గడి తర్వాత గడి తుంచుకుంటా పో, నీ తొట్టికి అడ్డంగా సరిపోతాది. అరంగుళం గళ్ళు కాబట్టి నీళ్ళు ఆడతాయి, చేప దూరదు. గులకరాళ్ళ మీద నిలబెట్టొద్దు. వాటిని పక్కకు జరిపి, పలకను అడుగు అద్దానికి ఆనించి, రెండు పక్కలా మళ్ళీ గులకలు ఎగదోయి. డెంప్సీలు తవ్వడంలో పందికొక్కులకు తీసిపోవు. పలక పైన మూత దాకా రావాల. నేను మొదటిసారి పైన మూడు వేళ్ళంత సందు వదిలినాను. తెల్లారి లేచి చూస్తే ఆ పక్కనుండాల్సిన డెంప్సీ ఈ పక్కనుంది. నా ఆస్కారుకు ఒక కన్ను పోయింది. ఆ తర్వాత ఆరేళ్ళు ఒంటికన్నుతోనే బతికింది, మేత ఎప్పుడూ ఎడమ పక్కే వేసేవాణ్ణి.

ఇప్పుడు కథ. డెంప్సీకి ఆ పేరు ఊరికే రాలేదు, 1919 నుంచి 1926 దాకా హెవీవెయిట్ ఛాంపియనుగా ఉన్న అమెరికా బాక్సరుది. దాంతో అందరూ దీన్ని పొగరుబోతు చేప అంటారు. నన్నడిగితే ఇది పొగరు గాదు, గట్టు తగాదా. మన పక్క సెనక్కాయ చేన్లలో (కర్నూలోళ్ళు బుడ్డలనుకోండి) ఏడాదంతా కలిసి తిరిగే అన్నదమ్ములే, దున్నేటప్పుడు ఒకడు గట్టును జానెడు కోసినాడంటే కట్టెలు పట్టుకుంటారు. రెండేళ్ళు కలిసుండాయంటే అప్పుడవి పిల్లలు, ఏ ఒక్కదానికీ చేను లేదు. ఇప్పుడు ఆ రెండూ జత కట్టినాయి. ఒళ్ళు నల్లబడేదీ, రాయిని నోటితో గీకి తుడిచేదీ గుడ్ల కోసమే. వంగి చూడు, ఈపాటికి రాయి మీద అంటుకొని ఉంటాయి. 3 రోజుల్లో పొదుగుతాయి. ఆ తర్వాత పిల్లల్ని గుంతల్లోకి మార్చుకుంటా వారాల తరబడి కాపలా కాస్తాయి. అంతకాలమూ తొట్టంతా వాటి చేనే.

చెరువులోనైతే ఓడిన చేప ఈదుకుంటా పోతాది, గెలిచింది మరిచిపోతాది. తొట్టిలో ఓడింది ఎంత దూరం పోయినా గెలిచినదాని కళ్ళ ముందరే. 55 గ్యాలన్ల తొట్టి 4 అడుగుల పొడుగే గానీ వెడల్పు 13 అంగుళాలు. ఆస్కారు అడుగు దాకా పెరుగుతాది. మన సందుల్లో లారీ తిప్పినట్లుంటాది దాని బతుకు. అది ఒక్కటే బతకాలన్నా 75 గ్యాలన్లది కావాల, అదే పొడుగు, వెడల్పు 18. డెంప్సీలతో కలిపి ఉంచాలంటే 6 అడుగుల తొట్టి, 125 గ్యాలన్లది. అందులో నీళ్ళే 470 కిలోలు. నువ్వుండేది కొయ్య నేల వేసిన పై అంతస్తయితే ఆ ఆలోచన మానుకో.

కర్నూలు (న్యూజెర్సీ):

అన్నా, నేనొప్పుకోను. జనం తక్కువైతేనే కొట్లాట. నా 75 గ్యాలన్ల తొట్టిలో 22 ఎంబూనా చేపలుండాయి, 4 ఏళ్ళయింది, పెద్ద దెబ్బ తగిలింది ఒక్కటీ లేదు. ఇంకో నాలుగు చేపలు వేస్తే డెంప్సీల దృష్టి చెదురుతాది గదా?

ప్రొద్దుటూరు (ప్లేనో):

అక్కా, నీవి మలావి సరస్సు చేపలు. నాలుగైదంగుళాల జాతి, రాళ్ళ సందుల్లో గుంపులుగా బతికేవి. అంత మందిలో దేన్ని తరమాలో తెలీక మగవి యాష్టపడి ఊరకుంటాయి. పైగా వాటిలో ఆడది గుడ్లు నోట్లో పెట్టుకొని తిరుగుతాది. డెంప్సీ గుడ్లు రాయి మీద. ఈ తొట్టిలో ఇంకో నాలుగు వేస్తే ఆ నాలుగూ హీటరు వెనకకే పోతాయి, వాటి మలంతో నీళ్ళలో అమ్మోనియా పెరిగేదే మిగులుతాది.

అయితే నీ మాటలో ఒక నిజముంది. జతను ఒంటరిగా పెడితే అదింకో గండం. తరమడానికి ఎవురూ లేకపోతే మగది ఆడదాని మీదికే తిరగొచ్చు. నేను చేత్తో తీసి పారేసినాను అట్ల చచ్చిన ఆడదాన్ని. అందుకే గళ్ళ పలక అంటాను, అద్దం పలక గాదు, నల్లట్ట గాదు. అవతల ఆస్కారు కనపడతా ఉండాల, పళ్ళకు అందకూడదు. జత తన పౌరుషమంతా ఆ గళ్ళ మీద తీర్చుకుంటాది.

రాళ్ళూ మానులూ తిప్పి పెట్టమని చాలామంది చెప్తారు. కొత్త చేపను వేసే రోజు అది బాగా పనిచేస్తాది. హద్దు రాళ్ళన్నీ పీకేసి మళ్ళీ సర్వే చేసినట్లు అందరూ కొత్తోళ్ళే అవుతారు. లైటు ఆర్పి వేస్తే ఇంకా మంచిది. గుడ్లు పెట్టిన జత దగ్గర మాత్రం అది పారదు.

తోకకు మందులు పోయొద్దు. మంచి నీళ్ళే మందు. వారానికి సగం నీళ్ళు మార్చు, కావాలంటే అయోడిన్ లేని ఉప్పు లీటరుకు 1 గ్రాము. నీది సుమారు 208 లీటర్లు. ఊర్లో మాదిరి బకెట్లో నీళ్ళు పట్టి ఒక రోజుంచితే సరిపోతాదనుకోవద్దు. డల్లాస్ చుట్టుపక్కల కొళాయి నీళ్ళలో క్రిములు చచ్చేదానికి కలిపే క్లోరమిన్ ఉంటాది, క్లోరిన్ అయితే గాల్లోకి పోతాది గానీ ఇది పోదు. దాన్ని విరిచే నీళ్ళ మందు (వాటర్ కండిషనరు) తప్పదు. ప్రైమ్ అనే కండిషనరు అయితే 50 గ్యాలన్లకు 5 మిల్లీలీటర్లు.

కర్నూలు (న్యూజెర్సీ):

సరే, గుడ్ల సంగతి నాకు తట్టలేదు. తమ్ముడూ, హీటరు 28 మీదుంటే రోజుకో డిగ్రీ చొప్పున 25కి దించు. నీళ్ళు రొంత చల్లబడితే జతకట్టే ఊపు తగ్గుతాది. పలక పెట్టినాక రెండు పక్కలా నీళ్ళు వెచ్చగా ఉండాయో లేదో చూసుకో.

గుత్తి (ఆస్టిన్):

ఇంకొక్క మాట. ఎప్పుడైనా చేపలు వద్దనిపిస్తే అపార్ట్‌మెంటు ముందర చెరువుంది గదా అని వదిలేసేవు. టెక్సాస్‌లో అది నేరం. మా పక్క శాన్ మార్కోస్ నదిలో జనం వదిలిన అక్వేరియం క్యాట్‌ఫిష్‌లు పెరిగిపోయి, వాటిని పట్టడమే ఒక పనైంది. అక్వేరియం అంగళ్ళలో కొందరు వెనక్కి తీసుకుంటారు, లేకపోతే ఊరి చేపల క్లబ్బులో అడుగు. లీజు కాయితం కూడా ఒకసారి తీసి చూడు, తొట్టి ఇన్ని గ్యాలన్లే అని రాసుంటాది చాలాచోట్ల.

ధర్మవరం (డల్లాస్‌కి కొత్త):

టేపు పెట్టి కొలిచినానన్నా. తొట్టి వెడల్పు లోపల 12 అంగుళాల చిల్లర. నిన్న రాత్రి 11 దాకా కూర్చొని పలక తుంచి బిగించినాను, మూత దాకా. రాయి మీద గుడ్లుండాయి, సన్నంగా, లేత పసుపుగా. లీజులో 20 గ్యాలన్లే రాసుంది, రూమ్మేటుకు ఫోను చేస్తే నవ్వినాడు.

ఆస్కారు ఇంకా మేత ముట్టలేదు గానీ పొద్దున హీటరు వెనక నుంచి బయటికొచ్చింది. పలక కాడికొచ్చి అట్లనే చూస్తా నిలబడింది. అవతల నుంచి పెద్ద డెంప్సీ గళ్ళకు మూతి గుద్దుకుంటాంది. డెంప్సీల జత ఎవురికైనా కావాలంటే చెప్పండి, రాయితో సహా ఇస్తా.