అప్‌డేట్: సముద్రపు నాచుకు ఒమేగా-3 ఎంజైములు ఎలా వచ్చాయి?

చేపనూనెలోని డీహెచ్‌ఏ (ఒక ఒమేగా-3 కొవ్వు ఆమ్లం) ఎక్కువగా సముద్రపు సూక్ష్మ నాచులోనే తయారవుతుందని చదివి, ఆ ఎంజైములు దానికి ఎక్కడివని అప్పుడు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మిగతాది హన్మకొండలో బాటనీ చెప్పే మా మేనమామను అడిగి తెలుసుకున్నా.

డీహెచ్‌ఏ తయారీలో మొదటి మెట్టు అరువు సొత్తే. ఒక సయనోబ్యాక్టీరియా (ఎండతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) వేరే కణంలో చేరి హరితరేణువుగా మారినప్పుడు, 16, 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాలు కట్టే ఎంజైములూ దానితోనే వచ్చాయి. ఆపై డీసాచురేజులు అనే ఎంజైములు ఆక్సిజన్ వాడుకుని కార్బన్ల మధ్య ద్విబంధాలు పెడతాయి, ఎలాంగేజులు అనేవి రెండేసి కార్బన్లు కలుపుతాయి. చివరికి 22 కార్బన్లు, 6 ద్విబంధాలున్న డీహెచ్‌ఏ! ఒకే కుటుంబంలోని డీసాచురేజులు ఒక్కోటి కార్బన్ల గొలుసులో ఒక్కో చోటే బంధం పెట్టేలా వేరుపడ్డాయట. నాకు అన్నిటికన్నా అద్భుతం అనిపించింది ఇదే.

నాచుకు దూరపు చుట్టమైన షైజోకైట్రియం అనే సముద్రపు సూక్ష్మజీవి దారి మాత్రం వేరు. పాలీకీటైడ్ సింథేజ్ (కార్బన్ల గొలుసును అంచెలంచెలుగా కట్టే ఎంజైము) తరహా పెద్ద ఎంజైముతో, ఆక్సిజన్ అవసరం లేకుండానే ద్విబంధాలు పెడుతుంది. ఇది 2001లో బయటపడింది. షెవనెల్లా అనే సముద్రపు బ్యాక్టీరియాలోనూ ఇలాంటిదే ఉంది కాబట్టి, జన్యువులు బ్యాక్టీరియా నుంచి దూకి వచ్చి ఉంటాయని శాస్త్రవేత్తల ఊహ. పసిపిల్లల పాలపొడిలో కలిపే డీహెచ్‌ఏ కొంత షైజోకైట్రియం నుంచే తీస్తారు.