పెరిటోనైటిస్ తగ్గినా అమ్మకి డయాలిసిస్ నీళ్లు సరిగ్గా దిగడం లేదు, ఎంజైముల వల్లేనా?

ప్రశ్న (అమ్మ కోసం, విజయనగరం)
అమ్మకి ఇంట్లోనే పొట్ట డయాలిసిస్ (పీడీ) చేస్తున్నాం. పోయిన నెల బ్యాగులో నీళ్లు బియ్యం కడుగులా వచ్చాయి. పెరిటోనైటిస్, అంటే పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్ అన్నారు, యాంటీబయాటిక్స్‌తో తగ్గింది. ఇప్పుడు నీళ్లు తేటగానే ఉన్నాయి గానీ, ఇదివరకు రెండు లీటర్లు ఎక్కిస్తే 2,300 మిల్లీలీటర్లు దిగేవి, ఇప్పుడు 2,050 దాటడం లేదు. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. "ఎంజైములు పొరని దెబ్బతీస్తాయమ్మా" అన్నారు డాక్టరుగారు. ఓపీలో రద్దీ, ఇంకేం అడగలేకపోయాను. అన్నం అరిగించే ఎంజైములేనా ఇవి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పీడీ నర్సు, విశాఖ)
అవి కావండీ. డయాలిసిస్ నీళ్లు నిలిచేది పేగుల బయట, పెరిటోనియం పొర మధ్యనున్న ఖాళీలో.

ఇన్ఫెక్షన్ వస్తే సూక్ష్మజీవుల్ని చంపడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఆ నీళ్లలోకి దిగుతాయి. అమ్మగారి బ్యాగు తెల్లబడింది వాటివల్లే. అవి ఎలాస్టేస్, ఎంఎంపీ-9 లాంటి, ప్రొటీన్లని తెంచే ఎంజైములు వదులుతాయి. ఆ ఎంజైములు పక్కనున్న మన కణజాలాన్నీ కొరికేస్తాయి. పొర పైన మీసోథీలియల్ కణాలు ఒకే వరస, వాటి కింద నాలుగో రకం కొలాజెన్ అనే ప్రొటీన్‌తో అల్లిన పలుచని పీఠం. ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 తెంచేది సరిగ్గా దాన్నే. మామూలప్పుడు టింప్ అనే ప్రొటీన్లు వీటికి కళ్లెం వేస్తాయి, పొరలో వాపు ముదిరితే అది చాలదు. పీఠం తెగితే పైకణాల్లో కొన్ని రూపం మార్చుకుని లోపలికి జారతాయి. పొర మందమై మచ్చకడుతుంది, కొత్త రక్తనాళాలు పుడతాయి.

నాళాలు పెరిగితే మంచిదేగా అని ఇంటివాళ్లు నన్ను అడుగుతుంటారు. నీటిని లాగేది బ్యాగులోని గ్లూకోజు. నాళాలు ఎక్కువైతే అది త్వరగా రక్తంలోకి పోతుంది, ఇక లాగే బలం ఉండదు.

ఒక్కసారి వచ్చి తగ్గితే చాలామందికి పొర మళ్లీ కోలుకుంటుంది. పదేపదే వస్తేనే భయం. ముందు మలబద్ధకం ఉందా, కేథటర్ (పొట్టలో పెట్టిన గొట్టం) పక్కకి జరిగిందా చూపించండి, వాటివల్లా నీళ్లు తగ్గుతాయి. ఇన్ఫెక్షన్ తగ్గిన నెల తర్వాత పెట్ పరీక్ష (పొర ఎలా పనిచేస్తోందో చూసే పరీక్ష, స్కాన్ కాదు) చేయమని అడగండి. పాదాల వాపు సంగతి మాత్రం ఈరోజే ఫోన్ చేసి చెప్పండి.

జవాబు (బయోకెమిస్ట్రీ లెక్చరర్, హైదరాబాద్)
మా ఆయనా పీడీ మీదే ఉన్నారు. ఇన్ఫెక్షన్ లేకపోయినా గ్లూకోజు, దాన్ని వేడితో స్టెరిలైజ్ చేసినప్పుడు పుట్టే పదార్థాలు పొరని మెల్లగా రేపుతూనే ఉంటాయి. నీళ్లు తగ్గాయని మీ అంతట మీరు గ్లూకోజు ఎక్కువుండే 4.25 శాతం బ్యాగులకి మారకండి. రాత్రి పూటకి మామూలు గ్లూకోజుకి బదులు ఐకోడెక్స్‌ట్రిన్ ఉన్న బ్యాగు సరిపడుతుందేమో అడగండి.

ఇంకోటి. ఎంఎంపీలని ఆపే మందులతో ఎలుకల్లో పొర మందం తగ్గింది. పీడీ రోగులకి వాడుకలో మాత్రం అలాంటి మందు లేదు. చిగుళ్ల జబ్బుకి తక్కువ డోసులో ఇచ్చే డాక్సీసైక్లిన్ ఈ ఎంజైముల్ని అణుస్తుందని చదివి, కొనేసి అమ్మగారికి వేయకండి.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ దండాలండీ. అమ్మకి మలబద్ధకం ఉంది, దానికీ నీళ్లకీ సంబంధం ఉంటుందని తెలీక డాక్టరుగారికి ఎవరం చెప్పలేదు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.