పేటలో ఓటింగ్ శాతం, పార్టీ మొగ్గు: బూత్ లెక్కల నుంచి ఎంతవరకు చెప్పగలం?

ప్రశ్న: నగరంలోని ఒక పేటలో ఓటింగ్ ఎందుకు తక్కువో, జనం ఏ పార్టీ వైపు ఉన్నారో బూత్ వారీ ఫలితాలతో తేల్చవచ్చా? పొరపాట్లు ఎక్కడ జరుగుతాయి?

జవాబు 1: ముందు హారం చూడండి. పోలైన ఓట్లను ఓటర్ల జాబితాలోని పేర్ల సంఖ్యతో భాగిస్తారు కదా. అద్దె ఇళ్లు ఎక్కువున్న చోట ఇల్లు మారినవాళ్ల పేర్లు జాబితాలోనే ఉండిపోతాయి. 1000 పేర్లకు 550 ఓట్లు పడితే 55 శాతం. అందులో 200 మంది వెళ్లిపోయినవాళ్లయితే అసలు శాతం దాదాపు 69. ఈ సవరణ చేయకుండా జనానికి పట్టదని తీర్పు చెప్పడం అన్యాయం.

జవాబు 2: పోస్టల్ ఓట్లను చాలాచోట్ల విడిగా లెక్కిస్తారు, బూత్ లెక్కలో కనబడవు. బూత్ హద్దులు మారాయేమో కూడా చూడండి. మొగ్గు తెలియాలంటే ఒకే రకం ఎన్నికలు కనీసం మూడు తీసుకుని, పార్టీకి పేటలో వచ్చిన శాతం నుంచి నగరమంతటి శాతం తీసేయండి. ఆ ఏడాది నగరమంతటా వీచిన గాలి ప్రభావం పోయి స్థానిక మొగ్గు మిగులుతుంది.

జవాబు 3: పేదలెక్కువున్న బూత్‌లో ఒక పార్టీ గెలిస్తే దానికి పేదలే వేశారనుకోకండి. గుంపు లెక్క నుంచి వ్యక్తుల గురించి తేల్చే ఈ దోషాన్ని సామాజిక శాస్త్రవేత్త రాబిన్సన్ 1950లోనే చూపించారు. ఎవరు ఎటు వేశారో కావాలంటే సర్వే చేయాల్సిందే. అక్కడా వేయనివాళ్లు కొందరు వేశామంటారు. ఓటేసినవాళ్ల పేర్లకు బూత్‌లో మార్కు పెట్టిన జాబితా దొరికితే దానితో సరిచూడండి.