పొద్దున్నే దవడ పట్టేస్తోంది: రాత్రిపూట రబ్బర్లు తీసేయొచ్చా?

రాజోలు నుంచి (ప్రశ్న):
నాకు 23 ఏళ్ళు. చిన్నప్పటి నుంచి నా కింది పళ్ళు పై పళ్ళ కంటే ముందుకు ఉంటాయి. ఏడు నెలల కిందట క్లిప్పులు వేయించుకున్నాను. ఆరు వారాలుగా రబ్బర్లు కూడా పెడుతున్నాను, పైన దవడ పన్ను నుంచి కింద కోరపన్నుకి. తిండి, పళ్ళు తోముకోవడం పోను రోజుకి 22 గంటలు ఉండాలన్నారు. ఇప్పుడు పొద్దున లేచేసరికి చెవుల ముందు పట్టేసినట్టు ఉంటోంది. ఆవలింత కూడా సగంలోనే ఆగిపోతుంది. అరగంటకి సర్దుకుంటుంది. రాత్రి తీసేసి పడుకోమని అమ్మ పోరుతోంది. తీస్తే ఇన్నాళ్ళ కష్టం పోతుందేమోనని నాకు టెన్షన్. మీలో ఎవరైనా తీశారా?

పాలకొల్లు నుంచి:
నేను తీశాను, అందుకే తీయొద్దని చెప్తున్నానండి. పోయిన వేసవిలో ఉక్కపోతకి నిద్ర లేదు, దానికి తోడు ఈ నొప్పి. పగలంతా పెడుతున్నాను కదా అని రాత్రి తీసి పడుకునేవాణ్ణి. పన్ను జరగాలంటే లాగే బలం చిన్నదైనా ఆగకుండా ఉండాలి. ఎనిమిది గంటలు వదిలేసి పొద్దున మళ్ళీ తగిలిస్తే ప్రతి రోజూ మొదటి రోజు నొప్పే. రెండు నెలలు అలా పోయాయి, పళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. ఆ నష్టం పూడ్చుకోవాలని రెండేసి రబ్బర్లు తగిలించాను. అది ఇంకా పెద్ద తప్పు, పంటి వేళ్ళకే ప్రమాదమని డాక్టరు గట్టిగా కోప్పడ్డారు.

తణుకు నుంచి:
పాలకొల్లు వారి మాట నేను ఒప్పుకోను. ఓర్చుకో ఓర్చుకో అన్న మాట వినే నేను ఇంత దూరం తెచ్చుకున్నాను. మొదట నాకూ పొద్దున పట్టేయడమే. తర్వాత నమిలితే చెవి దగ్గర టక్‌మని చప్పుడు. ఒక రోజు లేచి చూస్తే నోట్లోకి ఒక వేలే పట్టింది. దోసె తుంచి పెట్టుకోవడానికి కూడా ఏడుపొచ్చింది. పంటి నొప్పి వేరు, దవడ కీలు నొప్పి వేరు. వైరు బిగించాక రెండు మూడు రోజులు పళ్ళు సలపడం మామూలే. కీలు పట్టేయడం అలాంటిది కాదు. మీ చేతి మధ్య మూడు వేళ్ళూ నిలువుగా నోట్లో పడుతున్నాయేమో లేవగానే చూడండి. పట్టకపోతే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. ఒక్క రాత్రి రబ్బరు లేకపోతే వైద్యం పాడైపోదు.

భీమవరం నుంచి:
నేను డెంటల్ హౌస్ సర్జన్‌ని. మీరిద్దరూ తప్పంతా రబ్బరు మీదే పెడుతున్నారు. పొద్దున ఉండి అరగంటకి పోయే పట్టు చాలాసార్లు కండరాలది, నిద్రలో పళ్ళు బిగబట్టడం వల్లో నూరడం వల్లో వచ్చేది. క్లిప్పులతో పళ్ళు జరుగుతున్నప్పుడు పై పళ్ళకీ కింది పళ్ళకీ పాత పొందిక పోతుంది, దవడకి ఆనుకునే చోటు దొరకదు. పైన ముందు పళ్ళు కింది వాటిని దాటి రావడానికి వెనక పళ్ళ మీద సిమెంటు ఎత్తు పెట్టి ఉంటే ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. లేవగానే కణతలు నొప్పిగా ఉన్నాయా? బుగ్గ లోపల పళ్ళ గీత పడుతోందా? పక్కన పడుకునేవాళ్ళకి నూరే చప్పుడు వినిపిస్తోందా? అదే కారణమైతే రబ్బరు తీసినా నూరడం ఆగదు.

లేవగానే బలవంతంగా నోరు తెరవకండి. గోరువెచ్చని తడిగుడ్డ పది పదిహేను నిమిషాలు రెండు బుగ్గల మీదా ఉంచి, తర్వాత మెల్లగా తెరిచి మూయండి. బోర్లా పడుకోవడం, దవడ కింద చెయ్యి పెట్టుకోవడం మానండి. పగలు పెదాలు కలిసి ఉన్నా పళ్ళు తాకకూడదు. తేగలు, చెరకు, ముదురు కొబ్బరి మన ఇళ్ళలో ఎదురుగానే ఉంటాయి. అవి కీలుకీ మంచివి కావు, క్లిప్పులనీ ఊడగొడతాయి. పెరుగన్నం, ఇడ్లీ తినండి.

ఇంకో మాట. 23 ఏళ్ళకి ఎముక ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి రబ్బర్లు జరిపేది పళ్ళని, దవడ ఎముకని కాదు. తేడా మరీ ఎక్కువైతే ఆపరేషన్ దాకా వెళ్ళాలి. గట్టిగా లాగితే త్వరగా అయిపోతుందన్నది నిజం కాదు.

తణుకు నుంచి:
నూరడం కారణం కావచ్చు, కాదనను. కానీ అది కండరమా కీలా అని ఇంట్లో కూర్చుని ఎలా తేలుతుంది? చెయ్యి పెట్టి చూడాల్సింది డాక్టరే. నెలవారీ అపాయింట్‌మెంట్ వచ్చేదాకా ఆగితే నాకు జరిగిందే జరుగుతుంది.

పాలకొల్లు నుంచి:
ఇది మాత్రం నిజం. నేను తీసినందుకు కాదు, చెప్పకుండా తీసినందుకు నష్టపోయాను.

రాజోలు నుంచి:
పొద్దున వేళ్ళు పెట్టి చూశాను, రెండే పట్టాయి. మధ్యాహ్నానికి మూడూ పట్టాయి. నిద్రలో పటపట నూరుతున్నానని చెల్లి చెప్పింది, ఇన్నాళ్ళూ నాకు చెప్పాలని తనకి తోచలేదట. క్లినిక్‌కి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. ఈ రెండు రాత్రులూ తీసి పడుకోమన్నారు, పగలు మామూలుగా పెట్టమన్నారు. గురువారం కీలు చూసి, అవసరమైతే తక్కువ లాగే రబ్బర్లు ఇస్తారట. అమ్మ ఇప్పుడే తడిగుడ్డకి నీళ్ళు కాచి తెచ్చింది.